బస్సు ఎక్కే ముందే దిగే చోటు తేల్చుకోండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఊరి నుంచి హైదరాబాద్‌కి బస్సులో రావడం గురించే. ఆస్పత్రికి వచ్చేవాళ్లు, ఉద్యోగానికి వచ్చేవాళ్లు, మనవళ్లని చూడ్డానికి వచ్చే పెద్దవాళ్లు, అందరూ రాశారు. ఏ బస్సు మంచిదని చాలామంది అడిగారు గానీ ఎక్కడ దిగాలని ఒకరిద్దరే అడిగారు. నేను ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్లయింది, ఇప్పటికీ నెలకొకరైనా మా ఇంటికి బస్సు దిగి వస్తారు, వాళ్లు పడ్డ అవస్థల్లో చాలావరకు బస్సు వల్ల కాదు, దిగిన చోటు వల్ల, దిగిన టైం వల్ల.

అక్కా, మాది ఖమ్మం. నాన్నని నిమ్స్‌లో చూపించాలి. పొద్దున ఎనిమిదికల్లా ఓపీ దగ్గర ఉండాలనుకుంటున్నాం. ఆయనకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. నేను హైదరాబాద్ ఒక్కసారే వచ్చాను, అదీ ఫ్రెండ్స్‌తో. రాత్రి బస్సుకి వస్తే ఎల్బీనగర్‌లో దిగాలా, ఎంజీబీఎస్‌లోనా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక కొడుకు, ఖమ్మం

తమ్ముడూ, టెన్షన్ పడకు, మీది కాస్త సులువైన దారే. ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా వచ్చే బస్సులు హయత్‌నగర్ దాటి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎంజీబీఎస్, అంటే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, చేరతాయి. ఎల్బీనగర్ నుంచి ఈ దారి పొడవునా మెట్రో రెడ్ లైన్ ఉంది, అదే లైన్ నేరుగా పంజాగుట్ట వెళ్తుంది, అంటే నిమ్స్‌కి మధ్యలో రైలు మారే పనే లేదు. ఇర్రంమంజిల్‌లో దిగినా, పంజాగుట్టలో దిగినా ఆస్పత్రి దగ్గరే, నాన్నగారు నడవలేరు కాబట్టి స్టేషన్ కింద నుంచి గేటు దాకా ఆటో మాట్లాడుకో.

అసలు చూసుకోవాల్సింది టైం. ఖమ్మం నుంచి దాదాపు రెండొందల కిలోమీటర్లు, బస్సుకి ఐదు గంటలు వేసుకో, రాత్రి ఖాళీ రోడ్డు మీద ఇంకా ముందే వచ్చేస్తుంది. అంటే రాత్రి పదకొండింటికి ఎక్కితే నాలుగింటికి సిటీలో ఉంటారు, మెట్రో మొదలయ్యేదేమో ఆరు గంటల ప్రాంతంలో. ఆ రెండు గంటలు నాన్నగారు ఎక్కడ కూర్చుంటారు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే మిగతాదంతా దానంతటదే తేలిపోతుంది. నా మాటగా చెప్తున్నా, ఐదున్నర లోపు వచ్చేట్టయితే ఎల్బీనగర్‌లో దిగొద్దు, అది రోడ్డు, పైన ఫ్లైఓవరు, కింద ఆటోలు, పెద్దాయన కూర్చోడానికి చోటుండదు. నేరుగా ఎంజీబీఎస్ దాకా వచ్చేయండి. అది బస్టాండు, బెంచీలుంటాయి, బాత్రూములుంటాయి, టీ దొరుకుతుంది, లైట్లు, మనుషులు, పోలీసులు ఉంటారు. మెట్రో స్టేషన్ కూడా పక్కనే. ఆరు దాటాక వచ్చే బస్సయితే మాత్రం ఎల్బీనగర్‌లోనే దిగండి, అక్కడి నుంచే మెట్రో మొదలవుతుంది కాబట్టి నాన్నగారికి కూర్చోడానికి సీటు గ్యారంటీగా దొరుకుతుంది, పైగా బస్సు మలక్‌పేట, చాదర్‌ఘాట్ ట్రాఫిక్‌లో ఇరుక్కునే బాధ తప్పుతుంది.

ఎంజీబీఎస్ మెట్రోలో రెండు లైన్లు కలుస్తాయి, అక్కడ జేబీఎస్, అంటే సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు, వైపు వెళ్లే రైలెక్కకు. మియాపూర్ అని బోర్డుంటుంది, అది ఎక్కాలి. లిఫ్ట్ ఉంటుంది, నాన్నగారిని మెట్లెక్కించకు.

ఇంకొక్క మాట, ఇది మా ఇంట్లో జరిగింది. మా పెద్దనాన్న ఒకసారి ఇలాగే చూపించుకోడానికి వస్తూ స్కానింగ్ ఫిల్ములున్న పెద్ద కవరుని బ్యాగుతో పాటు బస్సు డిక్కీలో పెట్టించారు. తెల్లవారుజామున నాలుగింటికి చలిలో, నిద్రమత్తులో దిగారు, క్లీనర్ తొందరపెడుతున్నాడు, బ్యాగు తీసుకున్నారు, కవరు మాత్రం బస్సుతో వెళ్లిపోయింది. దానికోసం రెండు రోజులు తిరిగాం. చివరికి దొరికింది, కానీ ఎవరి సూట్‌కేసు కింద పడిందో ఏమో, నిలువునా మడత పడి ఫిల్ము మీద తెల్లటి గీత, సరిగ్గా డాక్టరు చూడాల్సిన చోటే. మళ్లీ స్కానింగ్ తీయించాల్సి వచ్చింది. ఆ కవరు పట్టుకుని మా పెద్దనాన్న బెంచీ మీద కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. అందుకే చెప్తున్నా, రిపోర్టులు, ఫిల్ములు, ఆధార్, ఆరోగ్యశ్రీ కాగితాలు ఉంటే అవి కూడా, అన్నీ ఒకే సంచిలో పెట్టి ఒళ్లోనే ఉంచుకో. టికెట్టు కూడా పారేయకు, ఏదైనా మర్చిపోయినా ఏ బస్సు, ఏ డిపో అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది.

మేడమ్, నాకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. కేపీహెచ్‌బీలో హాస్టల్ చూసుకున్నాను. నంద్యాల నుంచి ఒక్కదాన్నే వస్తున్నాను. నాన్న ఆర్టీసీలోనే రమ్మంటున్నారు, ఫ్రెండ్స్ ప్రైవేట్ బస్సయితే హాస్టల్ దాకా దింపుతారంటున్నారు. మా దగ్గర ఆడవాళ్లకి ఫ్రీ కదా, అది హైదరాబాద్ దాకా పనికొస్తుందా? – ఒక అమ్మాయి, నంద్యాల

ముందుగా శుభాకాంక్షలు తల్లీ. ఫ్రీ సంగతి ముందు చెప్పేస్తా. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం రాష్ట్రం లోపల తిరిగే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులకే, రాష్ట్రం దాటే బస్సుకి వర్తించదు. ఇక్కడ తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి ఉంది, అది తెలంగాణ అడ్రస్ ఉన్న ఆడవాళ్లకి. నీ ఆధార్ నంద్యాలది కాబట్టి ఇక్కడ సిటీ బస్సులో కూడా టికెట్ తీసుకోవాలి, జీరో టికెట్, అంటే ఫ్రీ టికెట్, అడిగి కండక్టర్‌తో మాట పడకు.

ఇక నాన్నగారు, ఫ్రెండ్స్ మధ్య తగువు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కర్నూలు వైపు నుంచి వచ్చే బస్సులు శంషాబాద్, ఆరాంఘర్ మీదుగా సిటీలోకొస్తాయి. ఎంజీబీఎస్ దాకానే వచ్చే బస్సయితే అక్కడ దిగి మెట్రోలో మియాపూర్ వైపు ఎక్కితే కేపీహెచ్‌బీ స్టేషన్ ఆ లైన్ మీదే. ప్రైవేట్ బస్సులు చాలావరకు మెహదీపట్నం, లక్డీకాపూల్, అమీర్‌పేట మీదుగా కూకట్‌పల్లి, మియాపూర్ వెళ్తాయి, కొన్ని ఔటర్ రింగు రోడ్డెక్కి గచ్చిబౌలి మీదుగా వస్తాయి. బుక్ చేసేటప్పుడు డ్రాపింగ్ పాయింట్ అని ఒకటి అడుగుతారు చూడు, మనవాళ్లు టిక్కు పెట్టేసి మర్చిపోయేది అక్కడే. కేపీహెచ్‌బీ అని రాసుంటుంది, కానీ బస్సు అక్కడ మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ దగ్గర ఆపుతుంది, కాలనీ లోపలికి రాదు, ఫేజుల మధ్యలో ఉన్న హాస్టల్‌కి ఇంకో కిలోమీటరో రెండు కిలోమీటర్లో ఉండొచ్చు. హాస్టల్ వాళ్లకి ఫోన్ చేసి ఏ పిల్లర్ దగ్గర దిగితే దగ్గరో అడిగి రాసుకో, ఇక్కడ అందరూ అడ్రస్ పిల్లర్ నంబర్‌తోనే చెప్తారు. గేటు పొద్దున ఎన్నింటికి తీస్తారో కూడా అడుగు, నాలుగున్నరకి దిగి గేటు బయట సూట్‌కేసు మీద కూర్చున్న పిల్లల్ని నేను చూశాను.

బస్సు ఎక్కగానే డ్రైవర్‌కో క్లీనర్‌కో ఎక్కడ దిగాలో చెప్పు, మళ్లీ శంషాబాద్ దాటాక గుర్తుచెయ్యి. ఔటర్ దగ్గరే దిగిపొమ్మని, అక్కడి నుంచి ఆటోలు దొరుకుతాయని ఎవరైనా అంటే ఒప్పుకోకు, టికెట్ మీద రాసిన చోటే దింపమని గట్టిగా అడుగు. నాన్నగారికి లైవ్ లొకేషన్ పెట్టు, ఫోన్‌లో చార్జింగ్ చూసుకో. నన్నడిగితే మొదటిసారి కదా, పగటి బస్సులో రా. రాత్రి పడుకుని రావడం అలవాటయ్యాక ఎలాగూ వస్తావు.

కరీంనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న మా బిడ్డ దగ్గరికి పోవాలె. జేబీఎస్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోవాళ్లు చాలా అడుగుతున్నరు. – ఒక తల్లి, కరీంనగర్

అమ్మా, ఆటో అవసరమే లేదు. సిద్దిపేట, శామీర్‌పేట మీదుగా వచ్చే మీ బస్సు జేబీఎస్‌లో ఆగుతుంది, అక్కడే మెట్రో ఉంది, జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ స్టేషన్ అంటారు. గ్రీన్ లైన్ ఎక్కి చివరి స్టేషన్ ఎంజీబీఎస్‌లో దిగి, అదే స్టేషన్‌లో ఎల్బీనగర్ వైపు రైలు మారితే దిల్‌సుఖ్‌నగర్. ఇబ్బందనిపిస్తే మెట్రో సిబ్బందిని అడగండి, చూపిస్తారు. ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్‌కి ఆధార్ ఒరిజినల్ తెచ్చుకోండి, జిరాక్స్ కాదు.

మీ ఉత్తరం చూశాక అందరికీ ఒకటి చెప్పాలనిపించింది. 2025 సెప్టెంబర్ చివర్లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తడంతో మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చాయి, రాత్రిపూట ప్రయాణికులు లోపలే చిక్కుకుపోయారు. అప్పుడు ఆర్టీసీ బస్సుల్ని దిక్కుల వారీగా విడగొట్టి నడిపింది: కరీంనగర్, ఆదిలాబాద్ వైపువి జేబీఎస్ నుంచి, వరంగల్ వైపువి ఉప్పల్ నుంచి, సూర్యాపేట, విజయవాడ వైపువి ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు వైపువి ఆరాంఘర్ నుంచి. వానాకాలం వచ్చేవాళ్లు మీ దిక్కు ఏదో ఇందులో గుర్తు పెట్టుకోండి, వానలు లేనప్పుడు కూడా ఇదే లెక్క మీకు పనికొస్తుంది.

కర్నూలు దగ్గర బస్సు కాలిపోయినప్పటి నుంచి మా ఆవిడ స్లీపర్ బస్సు ఎక్కనంటోంది. ఆమె భయం సరైనదేనా? – ఒక పాఠకుడు, అనంతపురం

సరైనదే. దయచేసి ఆమెని పిరికిదని అనకండి. 2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న బస్సు పాలెం దగ్గర కల్వర్టుని గుద్దుకుని కాలిపోయి 45 మంది పోయారు. మళ్లీ పన్నెండేళ్లకి, 2025 అక్టోబర్ 24న, ఇక్కడి నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బైకుని ఈడ్చుకెళ్లి మంటలంటుకుంది. రెండూ అదే హైవే, రెండూ తెల్లవారుజామునే, అందరూ గాఢనిద్రలో ఉన్న టైం. బతికినవాళ్లు చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే.

కాబట్టి బస్సెక్కగానే, పడుకోక ముందే ఇద్దరూ ఒక్కసారి లేచి అటూ ఇటూ నడవండి. ఎమర్జెన్సీ డోరు ఎక్కడుంది, దానికి అడ్డంగా బెర్తుగానీ సామానుగానీ పెట్టారా, అద్దం పగలగొట్టే సుత్తి దాని చోట్లో ఉందా, చూడండి. సుత్తి లేకపోతే డ్రైవర్‌ని అడగండి, సిగ్గు పడాల్సిన పని కాదు. మీ బెర్తు నుంచి డోరుకి ఎన్ని బెర్తులో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు కనపడవు, చేత్తో తడుముకుంటూ వెళ్లాలి. ఫోన్, కళ్లద్దాలు తల దగ్గరే ఉంచుకోండి. ఇవన్నీ చేశాక కూడా ఆమెకి నిద్ర పట్టదంటే పగటి బస్సుకో, రైలుకో వెళ్లండి, మనిషి కంటే ఎక్కువేం కాదు కదా.

సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి వచ్చేటప్పుడు టికెట్ ధర ఎందుకు పెరుగుతుంది? – కొందరు పాఠకులు

పండగ స్పెషల్ బస్సులకి తెలంగాణ ఆర్టీసీ మామూలు చార్జీకి ఒకటిన్నర రెట్ల దాకా తీసుకుంటుంది, ఎందుకంటే ఆ బస్సు ఒకవైపు ఖాళీగా రావాలి. రెగ్యులర్ సర్వీసుల్లో ఆ పెంపు ఉండదు, అందుకే రానూపోనూ ముందే రిజర్వేషన్ చేసుకోమనేది. ఇక పండగ ముందు సాయంత్రం విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు, పిల్లలుంటే తెల్లవారుజామునే బయల్దేరండి.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాకు షుగర్. కోదాడ నుంచి బస్సులో వచ్చినప్పుడల్లా బాత్రూముకి ఎక్కడ ఆపమనాలో తెలియక ముందు రోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తాను. – ఒక గృహిణి

అక్కా, సిగ్గు మీకెందుకు? ఈ ఉత్తరం చదివి నా మనసు పాడైంది, ఎందుకంటే మా అమ్మ కూడా ఇదే చేసేది, బస్సు దిగాక కళ్లు తిరిగి పడిపోయేదాకా మాకు తెలియలేదు. షుగర్ ఉన్నవాళ్లు నీళ్లు మానేయడం చాలా ప్రమాదం, దయచేసి ఇక చేయకండి.

పావుగంట ఆలస్యమైనా సరే, బస్టాండుల్లోకి వెళ్తూ వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, సూర్యాపేట బస్టాండులో దిగి వెళ్లి రావచ్చు. దిగేముందు కండక్టర్‌కి ఒక మాట చెప్పండి, మీరొచ్చేదాకా ఆపుతారు. ఎక్కడా ఆగని బస్సే ఎక్కాల్సి వస్తే, ఎక్కేటప్పుడే డ్రైవర్‌తో నాకు షుగర్, మధ్యలో ఒకసారి ఆపాలి బాబూ అని చెప్పేయండి. నార్కట్‌పల్లి, చిట్యాల దగ్గర హోటళ్లు, పెట్రోలు బంకులు ఉన్నాయి, ఆపడం వాళ్లకి కష్టం కాదు. ముందు సీటు తీసుకుంటే అడగడం ఇంకా తేలిక. మాత్రల టైం గురించి ప్రయాణానికి ముందే మీ డాక్టర్‌ని అడగండి. మాత్రలు, నీళ్ల సీసా, ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిసంచిలో పెట్టుకోండి, పైన ర్యాకులో కాదు, మీ ఒళ్లో.