పాత మహీంద్రా జీపు పెట్రోల్ ఇంజిన్‌ని తూకానికి ఇచ్చేయకండి

మీ నాన్నగారి 1960ల నాటి మహీంద్రా జీపు బాడీ, ఛాసిస్ తుప్పుకి పోయాయని, షెడ్డులో ఇంజిన్ ఒక్కటే మిగిలిందని, పాత ఇనుం వాళ్లు కిలోల లెక్కన అడుగుతున్నారని రాశారు. వాళ్లకి అప్పుడే మాట ఇవ్వకండి. మా చిన్నాన్న వాళ్ల జీపు ఇంజిన్‌ని బేరం చేసి అమ్మిపెట్టింది నేనే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మన వైపు పెట్రోల్ జీపులు చాలావాటికి ఒకప్పుడు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్లు ఎక్కించారు. దించిన పెట్రోల్ ఇంజిన్లు తుక్కులో కలిసిపోయాయి. ఇప్పుడు అదే జీపుని మళ్లీ పాత రూపానికి తెచ్చుకోవాలనుకునేవాళ్లకి బాడీ కొత్తగా చేసిచ్చేవాళ్లు దొరుకుతున్నారు గానీ అసలు ఇంజిన్ దొరకడం కష్టం. పైగా 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల రిజిస్ట్రేషన్) నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలన్నారు. మీ సరుకు కావలసింది ఇలాంటివాళ్లకే. ధర కూడా వాళ్ల అవసరాన్ని బట్టే పలుకుతుంది.

ముందు అది ఏ ఇంజినో చూసుకోండి. ఈ జీపుల అసలు రూపకర్త అయిన అమెరికా కంపెనీ విల్లీస్ ఇంజిన్లు రెండు రకాలు. రెండూ 2199 సీసీలే, నాలుగు సిలిండర్లే. హెడ్ (సిలిండర్ల మీది మూత) పలకలా చదునుగా ఉంటే గో డెవిల్, రెండో ప్రపంచ యుద్ధకాలపు జీపుల్లోది. హెడ్ ఎత్తుగా, పైన వాల్వు కవరుతో ఉంటే హరికేన్. సీజే3బీ అనే జీపు మోడల్ బానెట్ అంత ఎత్తుగా ఉండడానికి కారణం ఈ ఇంజినే. మీరు చెప్పిన కాలాన్ని బట్టి మీది హరికేనే అయ్యుండొచ్చు. ఇంజిన్ నంబరు ముందు వైపు, వాటర్ పంపు దగ్గర బ్లాక్ (సిలిండర్లుండే ప్రధాన దిమ్మ) మీద కొట్టి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆర్సీతో సరిచూడండి. గ్రైండర్ పెట్టొద్దు, రంగు వేయొద్దు. నంబరు చెదిరితే తెలిసిన వాడెవడూ కొనడు.

ఇంజిన్ జామ్ అయి ఉంటే బలవంతంగా తిప్పకండి. ప్లగ్గులు తీసి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి సిలిండర్లలో పోసి, కొన్నాళ్లు నాననిచ్చి హ్యాండిల్‌తో మెల్లగా కదపండి. మాది అలాగే వదిలింది. తిరిగే ఇంజిన్‌కీ, తిరగని దానికీ బేరంలో చాలా తేడా ఉంటుంది. హెడ్ మాత్రం మీరు విప్పొద్దు. ఈ ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే సీటుకీ, పిస్టన్ ఆడే బోరుకీ మధ్య బ్లాక్ పగులుతుందని కొనేవాడికి భయం ఉంటుంది, అది తన కళ్లతో చూస్తేనే నమ్ముతాడు. మా దగ్గరికి వచ్చినాయన తన మేస్త్రీతో హెడ్ విప్పించి చూసుకున్నాడు. బ్లాక్ శుభ్రంగా ఉంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) అప్పటికే ఒకసారి గ్రైండింగ్ అయ్యిందని కొంత తగ్గించమన్నాడు. అది న్యాయమే అనిపించి తగ్గించాను.

ధర కట్టడానికి నేను పట్టుకున్న పద్ధతి ఇది: విజయవాడ ఆటోనగర్ లాంటి చోట రెండు మూడు వర్క్‌షాపుల్లో, బాగా నడిచే ఇదే ఇంజిన్ ఎంత పలుకుతుందో అడగండి. అందులోంచి రీబోరు (అరిగిన సిలిండర్లని మళ్లీ తొలిచే పని), పిస్టన్లు, రింగులు, బేరింగులు, లేత్ పని ఖర్చు తీసేయండి. మిగిలింది మీ ధర. తూకం లెక్క కనీస ధర మాత్రమే, అంతకన్నా తగ్గొద్దు. కార్బొరేటర్, డైనమో, సెల్ఫ్ మోటారు, మానిఫోల్డ్, బెల్ హౌసింగ్ (క్లచ్చు చుట్టూ ఉండే డొల్ల) విడివిడిగా అమ్మకండి. ముఖ్యంగా పగలని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ బయటికి పంపే గొట్టం) దొరకడమే కష్టం, అది ఉందంటే ఆ ఒక్కదానికోసమే ఫోన్లు వస్తాయి.

కాగితాల సంగతి ఆలస్యం చేయొద్దు. బండి ఇక పనికిరాదని తేలితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 55 ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఓకి తెలిపి, ఆర్సీ అప్పగించాలి. అప్పగించే ముందు నకలు తీసి పెట్టుకోండి. అమ్మేటప్పుడు ఇంజిన్ నంబరు, తేదీ, కొన్నవాళ్ల గుర్తింపు కార్డు నకలుతో రసీదు రెండు ప్రతులు రాసుకోండి. తన ఆర్సీలో ఇంజిన్ నంబరు మార్పించుకోవడానికి కొన్నాయనకీ అది అవసరమే. లారీలో పంపేటప్పుడు బరువు సంపు (అడుగునున్న ఆయిల్ తొట్టి) మీద పడకుండా చెక్క ఫ్రేములో కూర్చోబెట్టి, కార్బొరేటర్, ప్లగ్గుల రంధ్రాలు మూసి పంపండి.