పనిచేసే చోట వాట్సాప్ గ్రూపు ఉండగా, వికీ వేరుగా అవసరమా?

అవసరమే, ఎందుకంటే వాట్సాప్ గ్రూపు కబురును చేరవేస్తుందే గాని పనికి సంబంధించిన తెలివిడిని ఒకచోట నిలిపి ఉంచదు. గ్రూపులో సందేశాలు వచ్చిన సమయాన్ని బట్టి పేరుకుంటూ పోతాయి. వికీ అంటే అందరూ కలిసి రాసుకునే వెబ్‌సైటు; అందులో ఒక్కో విషయానికి ఒక్కో పుట ఉంటుంది, దానిని సిబ్బందిలో ఎవరైనా సరిదిద్దవచ్చు, ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో కూడా నమోదై ఉంటుంది. 1995లో అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని నెలకొల్పినది ప్రోగ్రామర్లు తమ అనుభవాన్ని పంచుకోవడానికే.

చిత్తూరు జిల్లాలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీని ఊహించుకోండి. తోతాపురి సీజను ఏడాదికి కొన్ని వారాలే. జూన్‌లో జల్లెడకు పీచు పట్టి యంత్రం మొరాయించినప్పుడు, దానిని ఏ వైపు నుంచి విప్పాలో, ఎలా కడగాలో అనుభవమున్న ఆపరేటరు ఒక వాయిస్ మెసేజ్‌లో చెబుతారు. ఆ పూటకు పని నడుస్తుంది. మరుసటి జూన్‌లో కొత్తగా చేరిన కుర్రవాడికి, షిఫ్టు మార్పులు, సెలవు కబుర్ల అడుగున పడిపోయిన ఆ మెసేజ్ ఉందన్న సంగతే తెలియదు. ‘జల్లెడ శుభ్రం’ అనే పుట ఉంటే రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ పెట్టగానే అందరూ రాసేస్తారనుకోవడం చాలామంది పడే పొరపాటు. రాయడమూ పనిలో భాగమే గనుక దానికి డ్యూటీ వేళల్లోనే సమయం ఇవ్వాలి. అయితే పండును నొక్కి చూసి పక్వం చెప్పగల నేర్పు వంటిది, ఎంత రాసినా, పక్కన నిలబడి నేర్చుకుంటేనే వస్తుంది.