అత్తరు తురక మాటేనా?

సందేహం: మా నాన్నమ్మ అత్తరుని తురక మాట అనేది. అంటే టర్కీ నుంచి వచ్చిందా? తుర్కీ వాళ్ళకి సువాసనకి సొంత మాట ఉందా?

సమాధానం: మీ నాన్నమ్మగారి తురక వేరు, మీరు అనుకుంటున్న టర్కీ వేరండి. మన ఊళ్ళలో ఉర్దూ, పారసీ, అరబ్బీ అన్నిటినీ కలిపి తురక భాష అనేసేవాళ్ళు. అత్తరు అరబ్బీది, పారసీ మీదుగా ఉర్దూలోకొచ్చి మనదాకా వచ్చింది. టర్కీ వాళ్ళకీ అది అరువే.

తుర్కీ అంటే టర్కీ భాషా, దాని చుట్టాలైన కజక్, కిర్గిజ్, ఉజ్బెక్, ఉయ్‌ఘుర్ లాంటివీ అన్నీ కలిపి. వాటికి సొంత మాట లేకేం, యిపర్ అని బ్రహ్మాండమైనది ఉంది. ఇవాళ టర్కీలో దాదాపు వాడరు గానీ పాత పుస్తకాల్లో ఉంది, 1069-70లో యూసుఫ్ ఖాస్ హాజిబ్ రాసిన పాత తుర్కీ కావ్యం కుతద్గు బిలిగ్‌లో కస్తూరీ జ్ఞానమూ దాచినా దాగవంటాడు, అక్కడ కస్తూరికి వాడింది యిపరే. కొన్నేళ్ళకి మహమూద్ కాష్గరీ అరబ్బుల కోసం రాసిన తుర్కీ నిఘంటువులోనూ అదే అర్థం.

మరి ఈ చుట్టం భాషలన్నిటి వెనకా ఉన్న మూలరూపం ఎలా కట్టారంటే, కజక్‌లో జుపర్, కిర్గిజ్‌లో జిపర్, ఉయ్‌ఘుర్‌లో ఇపర్, చూడ్డానికి తలో దారి. కానీ పాముని చూడండి, టర్కీలో యిలాన్, కజక్‌లో జిలాన్, ఉయ్‌ఘుర్‌కి దగ్గరి చుట్టమైన ఉజ్బెక్‌లో ఇలాన్. అదే వరస! మొదటి య ఒకచోట నిలిచింది, ఒకచోట జ అయింది, ఇంకోచోట రాలిపోయింది. జుపర్‌లో ఉకారం బహుశా పక్కనున్న ప వల్ల. అందుకే యిపర్ అనే మూలరూపం మీద నాకు పెద్దగా అనుమానం లేదు. (చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ అంతఃపురంలో ఒళ్ళే పరిమళించేదని కథలున్న ఉయ్‌ఘుర్ రాణి ఇపర్‌ఖాన్ పేరులో ఉన్నదీ ఇదే, మన యోజనగంధిలాగన్నమాట.)

తకరారంతా అర్థం దగ్గరే. ముందు కస్తూరా, ముందు సువాసనా? కజక్‌లో ఇప్పుడు ఏ మంచి వాసనైనా జుపరే, అది చూసి సువాసనే మొదటిదనేవాళ్ళున్నారు. ఒక్క భాష చూసి అలా తేల్చకూడదండి, కన్నడంలో కంపు అంటే ఇప్పటికీ పరిమళం, మన దగ్గర ముక్కు మూసుకుంటాం, తెలుగు ఒక్కటే మిగిలుంటే పాత అర్థం ఏమని రాసేవాళ్ళం? నా ఓటు కస్తూరికే. పాత రాతల్లో అదే, మంగోల్‌లో దీనికి జోడీ అనుకునే జిగర్‌కీ (ఇప్పుడు జార్ అంటారు) అదే, పైగా ఈ భాషల పాత నెలవుల వైపున్న ఆల్తాయ్, సైబీరియా అడవుల్లోనూ కస్తూరి మృగం తిరుగుతుంది. మంగోల్ మాట చుట్టమా, అరువా అన్న గొడవ మాత్రం పండితుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.