వర్ణవివక్ష కాలపు రాజకీయ కేసుల రికార్డులు ఎలా చదవాలి?

దక్షిణాఫ్రికా రాజకీయ కేసుల కోర్టు రికార్డులు బయటివాళ్లు చదవొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. తప్పకుండా చదవొచ్చు. ఉద్యోగరీత్యా జోహాన్నెస్‌బర్గ్‌లో ఉన్నప్పుడు నేను విట్స్ యూనివర్సిటీ హిస్టారికల్ పేపర్స్ విభాగానికి వెళ్లి చదివేవాణ్ణి. వాళ్ల దగ్గరున్న ట్రీజన్ ట్రయల్ (దేశద్రోహం కేసు) కాగితాలు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, కాబట్టి మీకు విమాన ఖర్చు లేదు.

మండేలా కోర్టులో చేసిన ప్రసంగం వల్ల అందరూ ఆయనకూ సహచరులకూ యావజ్జీవ శిక్ష పడిన రివోనియా కేసు పట్టుకుంటారు. నేనైతే ట్రీజన్ ట్రయల్‌తోనే మొదలుపెట్టమంటాను. 1956 డిసెంబర్‌లో దేశద్రోహం కింద 156 మందిని పట్టుకున్నారు. చివరిదాకా మిగిలిన నిందితులందరూ 1961 మార్చి 29న నిర్దోషులుగా బయటపడ్డారు.

ముందే లాయర్ల వాదనల్లో దిగితే నిద్రొస్తుంది. ఎగ్జిబిట్లు, అంటే కోర్టులో సాక్ష్యంగా పెట్టినవి, తెరవండి. కరపత్రాలు, మీటింగు మినిట్స్, ఉత్తరాలు, పోలీసులు ఏది దొరికితే అది ఎత్తుకెళ్లారు. 1955 జూన్‌లో జోహాన్నెస్‌బర్గ్ దగ్గరి క్లిప్‌టౌన్‌లో వర్ణవివక్ష వ్యతిరేక సంఘాలు పెట్టిన మహాసభ మీద పడినప్పుడు వంటశాల దగ్గరి ‘మాంసం సూప్’, ‘మాంసం లేని సూప్’ బోర్డులు కూడా వదల్లేదు. అవీ దేశద్రోహానికి సాక్ష్యాలే! ఆ అత్యుత్సాహం ఇప్పుడు మనకు కలిసొచ్చింది. వేటాడబడుతున్న సంఘాలు ఇన్ని కాగితాలు దాచుకోగలిగేవి కావు. ప్రభుత్వం తన రహస్య ఫైళ్లనూ ఉంచలేదు: 1993లో ప్రభుత్వ గూఢచారి సంస్థ నేషనల్ ఇంటెలిజెన్స్ సర్వీస్ దాదాపు 44 టన్నుల రికార్డులు నాశనం చేసిందని, వర్ణవివక్ష కాలపు అకృత్యాలను విచారించిన ట్రూత్ కమిషన్ తేల్చింది. కోర్టుకెక్కిన కాగితానికి డిఫెన్స్ లాయర్ల దగ్గరా కాపీ ఉండేది కాబట్టి దాన్ని మాయం చేయడం అంత తేలిక కాదు.

ఒక్క జాగ్రత్త. మీటింగుల్లో ఎవరేం మాట్లాడారో డిటెక్టివ్‌లు రాసుకున్న నోట్సును యథాతథంగా నమ్మకండి. వాళ్లకు అందినంతే రాశారు. అదే డిటెక్టివ్‌ని డిఫెన్స్ లాయర్లు క్రాస్ ఎగ్జామిన్ చేసిన పేజీలు పక్కన పెట్టుకుని చదవండి, నోట్సు విలువ ఎంతో తెలిసిపోతుంది. నాకైతే మొత్తం రికార్డులో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించినవి ఆ పేజీలే.

రివోనియా కేసు నంబరు 253/1963. అది ప్రిటోరియాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది, 2007లో యునెస్కో ‘మెమరీ ఆఫ్ ది వరల్డ్’ (ప్రపంచ ముఖ్య పత్రాల) జాబితాకెక్కింది. విచారణ ఆడియో డిక్టాబెల్ట్ అనే ప్లాస్టిక్ పట్టీల మీద ఉండేది. ఆ పాత పట్టీలను ఫ్రాన్స్‌లో ఆన్రీ షామూ తయారుచేసిన యంత్రంతో డిజిటల్‌లోకి మార్చారు. నిందితుల్లో ఒకరైన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నాయకుడు వాల్టర్ సిసులూని ప్రాసిక్యూటర్ యూటార్ క్రాస్ ఎగ్జామిన్ చేసిన భాగం మాత్రం వదలకండి. ఆర్కైవ్స్‌కి మెయిల్ రాసేటప్పుడు నిందితుడి పేరుతో పాటు కేసు నంబరు, సంవత్సరం కూడా ఇవ్వండి, వెతకడం వాళ్లకు సులువవుతుంది.