కుక్కల అరుపులకు ఇంట్లో చేసుకునే సర్క్యూట్ పనిచేస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – ఎలక్ట్రానిక్స్ జవాబులు

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, రుద్రంపేట వైపు. మా ఇంటి ముందు మూడు దారులు కలుస్తాయి. రాత్రి 11 దాటితే ఏడెనిమిది కుక్కలు అక్కడ చేరి తెల్లవార్లూ మొరుగుతుంటాయి. మా నాన్నకు ఈమధ్యే గుండె ఆపరేషన్ అయింది. కునుకు పడుతోంది అనేసరికి ఉలిక్కిపడి లేచి కూర్చుంటున్నాడు. రాళ్లు వేయడం, కర్ర పట్టుకుని తరమడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. మనిషికి వినపడని శబ్దంతో కుక్కల్ని ఆపే మిషన్లు ఆన్‌లైన్‌లో చూశాను. నేను పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదివాను, సోల్డరింగ్ వచ్చు. ఇంట్లోనే చేసుకోవచ్చా? నిజంగా పనిచేస్తుందా? రాత్రంతా ఆన్‌లో ఉంచొచ్చా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తా. రాత్రంతా ఆన్‌లో ఉంచొద్దు. ఆ తప్పు నేను చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నా.

నాదీ అనంతపురమే. 30 ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి. ఎండాకాలం వస్తే మేం మిద్దె మీదే పడుకుంటాం. ఒక ఏప్రిల్‌లో మా వీధిలో కూడా నువ్వు రాసినట్టే కుక్కల గోల ఎక్కువైంది. 555 అనే ఐసీ (చిప్పు)తో ఒక సర్క్యూట్ కట్టి, ట్వీటర్ (సన్నటి శబ్దాల స్పీకరు) తగిలించి, మిద్దె పిట్టగోడ మీద వీధివైపు తిప్పి పెట్టాను. మధ్యాహ్నం 3 గంటలకు ఎండలో నిలబడి మీటరుతో చూసి 21 కిలోహెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 21 వేల కంపనాలకు, సెట్ చేశాను. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు కదా, ఇక ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నా. రాత్రి 10కి ఆన్ చేస్తే మళ్లీ పొద్దున్నే ఆఫ్ చేసేవాణ్ణి.

నాలుగైదు రోజుల తర్వాత పక్కింటాయన మాటల్లో చెప్పాడు. వాళ్ల పాపకు ఏడేళ్లు. రాత్రిళ్లు చెవులు మూసుకుని ఏడుస్తోందట. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చెవిలో ఏమీ లేదన్నాడట. నాకు అప్పటికీ తట్టలేదు. మరుసటి రోజు చీకటి పడ్డాక నేను ఆ పెట్టె దగ్గర పని చేసుకుంటుంటే పాప వాళ్ల మిద్దె మీదికి వచ్చింది. రాగానే రెండు అరచేతులూ చెవులకు అడ్డం పెట్టుకుని, "తాతా, ఆ సుయ్యిమనేది ఆపు" అంది. నా చెవికి ఏమీ లేదు. స్విచ్ ఆఫ్ చేశాను. పాప చేతులు దించింది. స్విచ్ వెనక్కి దాచుకుని, తనకు కనపడకుండా మళ్లీ వేశాను. చేతులు మళ్లీ చెవుల మీదికి వెళ్లాయి. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ అంతే. అప్పుడే మీటరు పెట్టి చూస్తే 17 చూపిస్తోంది.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. నేను వాడింది చౌకరకం డిస్క్ సిరామిక్ కెపాసిటర్. వాటిలో కొన్ని రకాలకు ఎండ తగిలితే కెపాసిటెన్స్ తగ్గుతుంది, చల్లబడితే మళ్లీ పెరుగుతుంది. అది పెరిగితే సర్క్యూట్ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. మధ్యాహ్నం కాలిపోతున్న పిట్టగోడ మీద 21 చూపించిన సర్క్యూట్, రాత్రి చల్లగాలికి కిందికి దిగిపోయింది. వయసు 50 దాటినవాళ్లలో చాలామందికి 12, 13 కిలోహెర్ట్జ్ దాటితేనే వినపడడం తగ్గిపోతుంది. పిల్లలకు దాదాపు 20 దాకా వినిపిస్తుంది. అంటే నేను తయారుచేసిన శబ్దం నాకు తప్ప వీధిలో పిల్లలందరికీ వినపడింది. ఆ రాత్రే వాళ్లింటికి వెళ్లి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. నీ వీధిలోనూ చంటిపిల్లలు ఉంటారు. అందుకే సర్క్యూట్ కంటే ముందు ఈ సంగతి రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు నిజంగా పనిచేస్తుందా అన్నది. కొంతవరకు పనిచేస్తుంది. కుక్కకు 45 కిలోహెర్ట్జ్ దాకా వినిపిస్తుంది. హఠాత్తుగా ఒక కొత్త, గట్టి శబ్దం చెవిలో పడితే మొరిగేది ఆపి తల తిప్పుతుంది, చెవులు నిక్కబొడుచుకుంటుంది. కొన్ని అక్కణ్ణుంచి లేచిపోతాయి కూడా. ఈ ఆలోచన పాతదే. 1876లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త మనిషికి అందని శబ్దం చేసే ఈలను తయారుచేసి, జంతువులు ఎంతవరకు వింటాయో చూశాడు. అయితే దానికి లొంగడం వేరు, ఉలిక్కిపడడం వేరు. అదే శబ్దం రోజూ, గంటల తరబడి వస్తుంటే వారం తిరక్కుండానే కుక్కలు దానికి అలవాటుపడతాయి. నా పిట్టగోడ కిందే మూడో రాత్రికి ఒక నల్లకుక్క హాయిగా పడుకుని ఉండడం నా కళ్లతో చూశాను. అందుకే బటన్ పెట్టుకో. మొరిగినప్పుడు రెండు మూడు సెకన్లు నొక్కి వదిలెయ్. మళ్లీ మొరిగితేనే మళ్లీ నొక్కు.

సర్క్యూట్ చెప్తా, రాసుకో. 555 టైమర్ 1971లో హాన్స్ కామెన్‌జిండ్ డిజైన్ చేసిన ఐసీ, ఇప్పటికీ ఏ చిన్న ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా ఇస్తారు. 8వ కాలుకూ 7వ కాలుకూ మధ్య 4.7 కే రెసిస్టర్. 7వ కాలు నుంచి 6వ కాలుకు 18 కే రెసిస్టర్, దానితో వరుసగా 22 కే ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్). 2, 6 కాళ్లు కలిపెయ్. 2 నుంచి గ్రౌండుకు 1 నానోఫారడ్ కెపాసిటర్. ఇది మాత్రం పాలిస్టర్ ఫిల్మ్‌దే కొనుక్కో, మీద 102 అని రాసి ఉంటుంది. డిస్క్ సిరామిక్ ఇస్తే తీసుకోకు. 4వ కాలు 8కి కలపాలి, 5వ కాలు నుంచి గ్రౌండుకు 0.01 మైక్రోఫారడ్, 1వ కాలు గ్రౌండు. 3వ కాలు అవుట్‌పుట్. అక్కణ్ణుంచి 22 ఓమ్స్ రెసిస్టర్ ద్వారా పీజో ట్వీటర్‌కు, ట్వీటర్ రెండో వైరు గ్రౌండుకు. సప్లయ్ 12 వోల్టుల అడాప్టర్. ఐసీ పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి వేసుకో. ప్లస్ వైరులో పుష్ బటన్. బెల్ స్విచ్ అయినా సరిపోతుంది. ఒకసారి నొక్కితే ఆన్‌లోనే ఉండిపోయే స్విచ్ అసలే వద్దు, వేలు తీస్తే ఆగిపోవాలి.

ఫ్రీక్వెన్సీ లెక్క నీకు గుర్తుండే ఉంటుంది. 1.44ను మొదటి రెసిస్టరూ, రెండో దానికి (18 కే, ప్రీసెట్ కలిపి) రెట్టింపూ కలిపిన విలువతో, కెపాసిటర్ విలువతో భాగించాలి. ఈ విలువలతో ప్రీసెట్ ఒక చివర 17, ఇంకో చివర 35 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. రాత్రిపూట, చల్లబడ్డాక, మల్టీమీటర్‌ను హెర్ట్జ్‌లో పెట్టి 3వ కాలు దగ్గర చూసి 23 దగ్గర ఆపు. మీటర్లో హెర్ట్జ్ లేకపోతే ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చుకో. చెవితో సెట్ చేయొద్దు, మన చెవిని నమ్మి నేను పడ్డ బాధ చెప్పాను కదా. సెట్ చేశాక ప్రీసెట్ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ పెడితే కదలదు.

40 కిలోహెర్ట్జ్ సెన్సర్లు చౌకగా దొరుకుతున్నాయి, అవి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. దూరం కొలిచే పనికి అవి బాగుంటాయి. 40 దగ్గర కుక్క వినికిడి సన్నగిల్లిపోతుంది, పైగా గాలి కూడా ఆ శబ్దాన్ని మీటరుకు సుమారు ఒక డెసిబెల్ చొప్పున మింగేస్తుంది. 23 దగ్గర పీజో ట్వీటరే నయం.

దూరం గురించి ఆశలు పెట్టుకోకు. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్ తగ్గుతుంది. నేను కట్టినదానికి ఐదారు మీటర్లలో ఉన్న కుక్కలు తల తిప్పాయి, పది దాటితే చాలావాటికి పట్టలేదు. 23 కిలోహెర్ట్జ్ అలల పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లే. అందువల్ల అది టార్చి వెలుగులాగా సూటిగా పోతుంది, మూల తిరగదు. రేకు గేటు అడ్డం వస్తే అక్కడితో సరి. మనవైపు కాంపౌండ్లకు నిలబెట్టే తాడిపత్రి బండలకు తగిలితే వెనక్కి తిరిగి ఎదురింటి కిటికీలోకి పోతుంది. కాబట్టి కిటికీ లోపల కాకుండా గేటు గ్రిల్ దగ్గర, మీ మూడు దారుల వైపు, కుక్క తల ఎత్తులో పెట్టు. ఎదురింట్లో పెంపుడు కుక్కో పిల్లో ఉంటే ముందే వాళ్లతో మాట్లాడు. పిల్లికి కుక్క కంటే ఇంకా పైదాకా వినిపిస్తుంది. ఇంకా గట్టిగా రావాలని పెద్ద యాంప్లిఫయర్, నాలుగు ట్వీటర్లు మాత్రం పెట్టొద్దు. వినపడకపోయినా గట్టి శబ్దం గట్టి శబ్దమే, కుక్కకైనా మనిషికైనా చెవి పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి. ఇది చేతిలో ఉంది కదా అని వెంటపడే కుక్క ముందు దీన్ని నమ్ముకుని నిలబడొద్దు. ఒకవేళ ఎవరినైనా కరిస్తే, గీరినా సరే, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు వెళ్లండి.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ఒక అనుమానం. ఆ మూడు దారుల దగ్గర చికెన్ సెంటర్ గానీ, చెత్త పోసే చోటు గానీ ఉందా? మా వీధిలో అసలు కారణం అదే. రాత్రి కొట్టు కట్టేటప్పుడు ఈకలు, పేగులు కాలవ పక్కన పోసేవాళ్లు. దానికోసం రెండు గుంపులు కొట్టుకునేవి. మేం నలుగురం వెళ్లి మర్యాదగా మాట్లాడితే, మూత ఉన్న డ్రమ్ములో వేసి పొద్దున బండికి ఇస్తున్నారు. నా సర్క్యూట్ పది రోజుల్లో చేయలేనిది ఆ డ్రమ్ము మూడు రోజుల్లో చేసింది. ఇక అక్టోబరులో చిత్త కార్తె వచ్చిందంటే ఎద మీదున్న కుక్కల్ని ఏ శబ్దమూ ఆపలేదు. దానికి ఆపరేషనే దారి. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నియమాల ప్రకారం వీధికుక్కల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదలాలి. ఆ బాధ్యత నగరపాలక సంస్థది. ఆపరేషన్ అయినదానికి చెవి కొస కత్తిరించి ఉంటుంది. రేపు పగలు మీ దారుల దగ్గర కుక్కల చెవులు ఒకసారి చూడు. ఎన్నింటికి ఆ గుర్తు లేదో లెక్కపెట్టి, వీధివాళ్లందరి సంతకాలతో అర్జీ ఇవ్వు. లెక్క రాసి ఇస్తే పక్కన పడేయడం కష్టం.

ఇవన్నీ జరిగేదాకా నాన్నగారి మంచం వీధివైపు గదిలోంచి వెనక గదిలోకి మార్చు. కూలర్ ఉంటే తక్కువ స్పీడులో తిరగనివ్వు. ఒకేలా వచ్చే ఆ గాలి చప్పుడులో అరుపు అంత ఉలిక్కిపాటు తెప్పించదు. నాకు తెలిసి ఈ రాత్రికి అన్నిటికంటే త్వరగా పనిచేసేది ఇదే.

ప్రశ్న: సార్, ఫోన్లో కుక్కల్ని ఆపే విజిల్ యాప్ ఉంది. అది చాలదా? – ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: చాలదు బాబూ. ఫోను స్పీకరు మాట కోసం, పాట కోసం చేసింది. 20 కిలోహెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి దాని గొంతు పడిపోతుంది. ఎదురుగా రెండడుగుల్లో ఉన్న కుక్క వింటుందేమో గానీ వీధి చివరున్నది వినదు.

ప్రశ్న: అన్నా, పక్కింటివాళ్లు కుక్కను గేటు దగ్గర కట్టేసి ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. పగలంతా ఒకటే అరుపు. నేను ఇంటి దగ్గరే టైలరింగ్ చేసుకుంటాను, తల పగిలిపోతోంది. గోడ మీద ఈ మిషన్ పెట్టి దానివైపు తిప్పొచ్చా? – ఒక పాఠకురాలు, కడప

జవాబు: వద్దమ్మా. మీ బాధ నాకు అర్థమవుతోంది, అయినా వద్దనే చెప్తాను. వీధికుక్కకు శబ్దం నచ్చకపోతే లేచి పోతుంది. కట్టేసినది ఎక్కడికి పోతుంది? తప్పించుకోలేని ప్రాణిని అలా హింసపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కిందికే వస్తుంది. కట్టేసిన కుక్కకు అదేపనిగా వినిపిస్తే భయంతో ఇంకా ఎక్కువ అరుస్తుంది, మీకు గోల పెరుగుతుందే గానీ తగ్గదు.

అది ఎందుకు అరుస్తోందో మీ గోడ మీంచి చూస్తే తెలుస్తుంది. గేటు దగ్గర కట్టేశారు కాబట్టి దారిన పోయే ప్రతి మనిషీ, ప్రతి బండీ దానికి కనపడుతున్నాయి. కడప ఎండలో మధ్యాహ్నం దానికి నీడ ఉందా, కాళ్ల కింద బండలు ఎంత కాలుతున్నాయి, నీళ్ల గిన్నె దాకా గొలుసు అందుతోందా చూడండి. ఒక ఆదివారం వాళ్లిద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు వెళ్లి, ఫిర్యాదులా కాకుండా, "మీ కుక్క పగలంతా ఇట్లా ఏడుస్తోంది, మీకు తెలియదు కదా, చూపిద్దామని వచ్చాను" అని ఫోన్లో రికార్డు చేసింది వినిపించండి. పెంచుకున్నవాళ్లు వాళ్ల కుక్క ఏడుపు చాలావరకు ఎప్పుడూ విని ఉండరు. గొలుసు ఇంటి వెనక్కి, నీడలోకి మార్చమని అడగండి. కావాలంటే మధ్యాహ్నం ఒకసారి నీళ్లు నేను పోస్తానని మీరే చెప్పండి.