పాప జపాన్ ఫాంట్ల వెనక పడింది, యూఐ యూఎక్స్‌లో చేర్పించమంటారా?

గుంటూరు నుంచి ఒకమ్మ రాశారు. కూతురు బీడిజైన్ మూడో ఏడు, పోర్ట్‌ఫోలియో కోసం జపనీస్ హైకూల చిన్న పుస్తకం ప్రింట్ చేస్తోంది, పాతకాలం లుక్ రావాలని మొత్తం బ్రష్ ఫాంట్‌లో పెడితే జపనీస్ నేర్పే మేడమ్ చదవలేకపోతున్నా అన్నారట, నెల నుంచి ఫాంట్లు మార్చుకుంటూ కూర్చుందట. "ఏ ఫాంటో మీరే చెప్పండి సార్, అసలు దీంట్లో తిండి దొరుకుతుందా, యాప్‌లూ వెబ్‌సైట్లూ డిజైన్ చేసే ఆర్నెల్ల యూఐ యూఎక్స్ కోర్సులో పడేస్తే పోదా?"

ముందు ఫాంట్ సంగతి. పాతకాలం లుక్ అంటే బ్రష్షే కాదమ్మా. పెళ్లికార్డు మీద పేర్లకి వాడే వంకర్ల అక్షరాలతో నవలంతా కంపోజ్ చేస్తే ఎవరు చదువుతారు? జపాన్‌లో పుస్తకాలు ఎక్కువగా మిన్చో అనే రకం అక్షరాల్లో ఉంటాయి, అడ్డగీత సన్నం, నిలువుగీత లావు, అడ్డగీత చివర చిన్న త్రికోణం, దాన్ని ఉరొకో అంటారు, అంటే చేప పొలుసు. బ్రష్ అట్ట మీద టైటిల్‌కి ఉంచుకోమనండి. మిన్చోలో ఏదంటే, ర్యూమిన్‌కి 1982 నుంచీ పేరుంది కానీ లైసెన్స్ కొనాలి, హిరగినో మ్యాక్‌లో ఉండనే ఉంది, షిప్పోరి మిన్చో ఫ్రీ, టోక్యోలో త్సుకిజి అనే అచ్చుల కార్ఖానా పాత సీసపు అచ్చుల పోలిక ఉంటుంది, హైకూకి నేనైతే అదే పెడతా. చైనా నుంచి వచ్చిన కాంజీ అక్షరాలు చూసి మురిసిపోకుండా మెలికల హిరగానా అక్షరాలు చూసి ఎంచుకోమనండి, హైకూ మెత్తదనం అంతా వాటిలోనే. లైన్లు నిలువుగా, కుడి నుంచి ఎడమకి. పీడీఎఫ్‌లో ఫాంట్ ఎంబెడ్ చేసే, అంటే ఫైల్‌లోనే కలిపి ఇవ్వాలి, లేకపోతే ప్రింట్ షాపు సిస్టమ్ చైనీస్ ఫాంట్ ఎక్కించేయొచ్చు, ఎముక అనే కాంజీ లోపలి చిన్న మూల జపాన్‌లో కుడి పక్కన, చైనాలో ఎడమ పక్కన, చూసే కన్నుంటే దొరికిపోతారు.

ఇక మీ అసలు భయం. ఆర్నెల్ల కోర్సు చేసి నా దగ్గరకొచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూస్తుంటా, అందరిదీ అదే ఫుడ్ యాప్ రీడిజైన్, అవే రంగులు, పేరు తీసేస్తే ఎవరిదో చెప్పలేం, ఇదేనా మీ సేఫ్ దారి? మీ ఉత్తరంలో ప్యాకేజీ అన్న మాట నాలుగు సార్లుంది, ఆ పుస్తకం ఒక్కసారైనా తెరిచి చూశారా అమ్మా? కోపమొచ్చినా సరే, అడగాల్సిందే.

అలాగని ఫాంట్ డిజైన్ నేర్పించడానికి అప్పు చేసి టోక్యో పంపించమని చెప్పను. రోజువారీ వాడకానికి పెట్టుకున్న జోయో కాంజీలే 2,136, పూర్తి ఫాంట్‌కి ఇంకా వేలు గీయాలి, అది టీమ్‌లు ఏళ్లు కూర్చుని చేసే పని. జపనీస్ భాషా పరీక్షలో ఎన్2 దాకా (ఐదు మెట్లలో పై నుంచి రెండోది) వస్తే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోపు ఒక అక్షరం కోసం నెల తిప్పలు పడ్డ పిల్ల బుక్ డిజైన్‌లోనో ప్యాకేజింగ్‌లోనో ఊరికే మిగిలిపోదు, తెలుగు ఫాంట్లలో చేయాల్సిన పనే బోలెడుంది, మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత ఫాంట్లతో నెట్టుకొస్తున్నారు కదా. కాబట్టి భయపడకండి.

ఫాంట్ మాత్రం స్క్రీన్ మీద తేల్చొద్దు. షిప్పోరి ఒక పేజీ, హిరగినో ఒక పేజీ, ఒకే సైజులో ప్రింట్ తీసి ఆ మేడమ్ చేతికిచ్చి చదవమనండి, ఎక్కడ ఆగారో పాప రాసుకోవాలి. ఆ రోజు మీరూ పక్కన కూర్చోండి.