విలోమం అంటే ఉత్త వ్యతిరేకం కాదు

సందేహం: మా అబ్బాయి ఇంటర్ ఫస్ట్ ఇయర్. కెమిస్ట్రీ నోట్సులో 'పీడనానికి ఘనపరిమాణం వ్యతిరేకంగా ఉంటుంది' అని రాసుకున్నాడు, పుస్తకంలో 'విలోమానుపాతం' అని ఉంది. రెండూ ఒకటేనా? స్టాయికియోమెట్రీకి తెలుగు మాట ఏది? – ఒక తల్లి, వనస్థలిపురం

సమాధానం: ఒకటి కావమ్మా. లోమం అంటే ఒంటి మీది వెంట్రుక. పత్తర్‌గట్టి బట్టల కొట్లో మఖ్మల్ మీద చెయ్యి వేసి చూడండి, నూగు వాలిన వైపు నిమిరితే అనులోమం, ఎదురు నిమిరితే విలోమం. గుడ్డ అదే, నూగు అదే, మారింది దిశ ఒక్కటే. నాకు ప్రాణమైన పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఒక కందం ఉంది, మొదటినుంచి చదివితే తెలుగు, చివరినుంచి వెనక్కి చదివితే సంస్కృతం! అక్షరం పోలేదు, కొత్తది చేరలేదు, అయినా భాషే మారిపోయింది. ఆ కందం చదివినప్పుడల్లా నాకు బాయిల్ నియమం గుర్తొస్తుంది, ఎందుకంటే ఉష్ణోగ్రత మారనంతవరకు అక్కడా వాయువు పీడనం, ఘనపరిమాణాల లబ్ధం చెక్కుచెదరదు. ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోది అన్నో వంతుకు తగ్గుతుంది, విలోమానుపాతం అంటే అదే.

'వ్యతిరేకం'లో ఈ లెక్క లేదు. 1 అట్మాస్ఫియర్ దగ్గర 6 లీటర్లున్న వాయువు మీద పీడనం 3 అయిందనుకోండి. వ్యతిరేకం అని బట్టీపట్టిన పిల్లవాడు రెండు పెరిగింది కాబట్టి రెండు తగ్గించి 4 అని రాసేస్తాడు, పీడనం మూడు రెట్లయింది కాబట్టి జవాబేమో మూడో వంతు, 2 లీటర్లు. తప్పు పిల్లవాడిది కాదు, అనుపాతాన్ని మింగేసి సగం మాట చెప్పినవారిది. 'విలోమంగా తగ్గుతుంది' అనేవాళ్లూ ఉన్నారు, ఒకటి పెరిగితే రెండోది తగ్గడం విలోమంలోనే ఉండగా మళ్లీ ఎందుకండీ?

అనులోమానికీ, అంటే రెండూ ఒకే రెట్లలో పెరిగే చోటా, జాగ్రత్త కావాలి. పీడనం స్థిరంగా ఉంచి 27 డిగ్రీల సెల్సియస్‌ను 54 చేస్తే ఘనపరిమాణం రెట్టింపు కాదు. ఈ రెట్ల లెక్క కెల్విన్‌లోనే కుదురుతుంది, డిగ్రీల సెల్సియస్‌కు 273 కలిపితే కెల్విన్. కాబట్టి 300 కెల్విన్ 600 కావాలి, అంటే 327 డిగ్రీల సెల్సియస్.

స్టాయికియోమెట్రీ గ్రీకు మూలాల నుంచి వచ్చిన మాట, మూలకాల కొలత అని అర్థం, రసాయన చర్యలో ఏది ఎంత కలిసి ఎంతవుతుందో లెక్కకట్టడమన్నమాట. అలాగే ఉండనివ్వండి, 4 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్ కలిసి 36 గ్రాముల నీరవుతుందని అబ్బాయికి తెలిస్తే చాలు.

ఇక నా ఇష్టం అడిగితే, భాస్కరాచార్యుడి లీలావతి గణితంలో 'వ్యస్త త్రైరాశికం' అని ఉంది, ఒకటి పెరిగితే రెండోది తగ్గే మూడు రాశుల లెక్క అది, దాన్నిబట్టి వ్యస్తానుపాతం అనొచ్చు. కానీ పరీక్షలో మాత్రం విలోమానుపాతమే రాయమనండి.